తొలి చెంచా పరాయి బిడ్డకి

మద్రాసు చూలైలో మా ఇంటి మెట్లు ఎక్కుతుండగానే వాసన తగిలింది. తడి గోనెసంచిని మూలన పడేసి మర్చిపోతే వస్తుందే, ఆ వాసన. షోళింగనల్లూరు నుంచి బస్సులో నిలబడి వచ్చి ఒళ్ళు హూనమై ఉంది. కాఫీ తప్ప మరో ధ్యాస లేదు. అయినా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఏళ్ళ తరబడి తిండి పదార్థాలను పరీక్షించే ల్యాబులో పనిచేస్తున్నదాన్ని. ఆ వాసన నాకు కొత్త కాదు, వేరుశనగ సంచులు విప్పుతుంటే రోజూ వచ్చేదే. మా ఇంట్లో రావడమే కొత్త.

లోపల హాల్లో కుర్చీలన్నీ గోడవారకు జరిపేసి ఉన్నాయి. నేలంతా పాత చీరలు పరిచి, వాటి మీద మొలకెత్తిన రాగులు, పెసలు, గోధుమలు ఆరబోసి ఉన్నాయి. వేరుశనగ గింజలు వేరే పంచె మీద ఉన్నాయి. పైన ఫ్యాను, పక్కన ఇంకో ఫ్యాను గిర్రున తిరుగుతున్నాయి. వాటి మధ్య మా అత్త కూర్చుని చేత్తో గింజల్ని కలియబెడుతోంది. ఎనభై దాటిన మనిషి, వంగి కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాలి.

"మాసి నెల్లో వానేందే?" అంది నన్ను చూడగానే, ఆ వానను నేనే వెంటబెట్టుకొచ్చినట్టు. "మిద్దె మీద ఎండబోసి కిందికి దిగినానో లేదో, కొట్టేసినాది. నేను మళ్ళా పైకెక్కే లోపల అంతా తడిసి ముద్దయిపోయినాది."

మాసి అంటే ఇక్కడ ఎండలు ముదిరే ముందు వచ్చే నెల. మడత పెట్టిన గొడుగు అటక మీదికి పోయే కాలం. ఆ నెలలో మద్రాసులో మిద్దె మీద ఏది ఎండబెట్టినా భయం లేదని మా అత్తకి ఆమె అత్త చెప్పింది. ఈమె నాకు చెప్పింది. వడియాలు, మిరపకాయలు, ఉసిరికాయలు, అన్నీ ఆ నెలలోనే పెట్టేవాళ్ళం. ఈ మధ్య కొన్నేళ్ళుగా ఆ లెక్క చెడిపోయింది. వాన రాకపోయినా గాలిలో తేమ పోవడం లేదు, ఎండ కాసినా గింజ లోపలిదాకా ఆరడం లేదు. అదంతా ఆమెకి నేను చెప్పనక్కర్లేదు. రోజూ మిద్దె ఎక్కేది ఆమే.

ఇంత హడావిడి ఎందుకంటే, మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టి ఆర్నెల్లు నిండబోతున్నాయి. మనవరాలి బిడ్డకి తన చేత్తో సత్తుమావు చేసి పెట్టాలని మా అత్త ఎప్పటినుంచో ఉవ్విళ్ళూరుతోంది. సత్తుమావు అంటే గింజల్ని మొలకెత్తించి, ఎండబెట్టి, వేపి, ఆడించిన పిండి. జావగా కాచి పెడతారు. తల్లిపాల తర్వాత బిడ్డ నోటికి పోయే మొదటి తిండి మా ఇళ్ళల్లో అదే. కొట్లో అట్టపెట్టెల్లో దొరుకుతోంది కదా అని ఎవరైనా అంటే మా అత్త మూతి మూడు వంకర్లు తిప్పుతుంది.

దీనికి మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. మావాళ్ళు నెల్లూరు వైపు నుంచి ఎన్ని తరాల కిందట ఈ ఊరొచ్చారో ఎవరికీ సరిగ్గా తెలియదు. తమిళం కలవకుండా నాలుగు మాటలు కూడా మాట్లాడలేం. ఈ ఆచారం మాత్రం పోలేదు. ఇంటి బిడ్డ కోసం చేసిన మావు ముందు పరాయి బిడ్డల నోటికి పోవాలి. వీధిలో పాలుతాగే పిల్లలున్న ఇళ్ళకి చిన్న డబ్బాల్లో రెండేసి గుప్పెళ్ళు ఇచ్చి, ఆ తర్వాతే మన బిడ్డకి పెట్టాలి. అట్లా చేస్తే బిడ్డకి దిష్టి తగలదట, తిన్నది ఒంటికి పడుతుందట. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో ఇది చూసి ఎంత మురిసిపోయానో! దిష్టి సంగతి దేవుడెరుగు, మన పిల్లకంటే ముందు ఎదురింటి పిల్లకి పెట్టాలని ఎవరికి తోస్తుంది?

"అత్తా, ఇది వద్దు. బూజు వాసన వస్తోంది. పారేద్దాం, మళ్ళీ చేసుకుందాం" అన్నాను చెప్పులు విప్పకుండానే.

"పారేసేదా? గింజల్నా? ఏమే, నీకేమన్నా పిచ్చా?" అంది. "సుమ్మా ఉండు. రెండు నాళ్ళు ఫ్యాను కింద ఉంటే ఆరిపోతాది. ఎర్రగా వేపితే వాసనా గీసనా ఏమీ ఉండదు. ఎన్ని చూడలేదు నేను!"

వేపడంలో మా అత్త పెట్టింది పేరు. పురసవాక్కంలో ఉన్న చుట్టాల ఇంట్లో పెళ్ళయినా, పొడులు వేపడానికి ఈమెనే పిలుచుకుపోయేవాళ్ళు. ఇనప మూకుడు, సన్న మంట, ఒక్కో గింజనీ విడివిడిగా వేపుతుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే పలకదు. ముక్కిన పప్పయినా, చెమ్మ పట్టిన రవ్వయినా ఆమె మూకుట్లో పడితే ఘుమఘుమలాడాల్సిందే. ఆ చేతి మీద మాకందరికీ అంత నమ్మకం.

అనుకున్నట్టే రెండు రోజుల తర్వాత నేను సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ పాడు వాసన మాయమైపోయింది. కమ్మని వాసన, వీధి మొదట్లోకే వచ్చింది. ఏలకులు, వేగిన రాగులు, వేరుశనగ. నోట్లో నీళ్ళూరాయంటే నమ్మండి. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఎవరికైనా అనుమానం రావాలంటే ఆ పాడు వాసనే ఆధారం, అది కాస్తా పోయింది.

వంటింట్లో పెద్ద స్టీలు డబ్బా నిండా పిండి. మరలో ఆడించి, జల్లించి పెట్టేసింది.

"ఇప్పుడు చూడు. వాసన ఉండాదా?"

"లేదత్తా."

"మరి? ఆ మొహమేంది అట్టా?"

చెప్పాను. నెమ్మదిగానే చెప్పాలనుకున్నాను, నాకు నెమ్మది ఎక్కడ ఏడ్చింది! బూజు వేపితే చస్తుంది, వాసనా పోతుంది. కానీ అది బతికున్నప్పుడు గింజలో ఒక విషం వదిలిపెడుతుంది, అఫ్లాటాక్సిన్ అంటారు. అది మన పొయ్యి మంటకి చాలావరకు లొంగదు. కంటికి కనపడదు, నాలుకకి తెలియదు. తిన్నవాళ్ళకి ఆ రోజు ఏమీ కాదు, మర్నాడూ ఏమీ కాదు. ఒంట్లోకి పోతూ పోతూ ఉంటే కాలేయాన్ని తినేస్తుంది, పిల్లలు ఎదగకుండా చేస్తుందంటారు. ఇంకొకటి కూడా చెప్పాను. గింజలుగా ఉన్నప్పుడు ఒక గింజలో ఉంటుంది, పక్క గింజలో ఉండదు. ఆడించేశాక పిండి మొత్తానికీ కలిసిపోతుంది.

మా అత్త పిండి మీద మూత పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "మీ మామా ఇదే తిన్యాడు, నీ మొగుడూ ఇదే తిన్యాడు, నీ కూతురూ ఇదే తిన్యాది. అందురూ బాగానే ఉండారు కదా. మావు మీద వాన పడడం ఇదే మొదలా?"

"మాసిలో పడడం మొదలు కాదా అత్తా? మీరే అన్నారు కదా?"

 ఆమె తనే గ్లాసుతో పిండి తీసి, కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది. "కొండబో నీ ల్యాబుకి. మంచి మావంటే ఏందో నీ మిషన్‌కీ తెలియాల కదా" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పరీక్ష అయ్యేదాకా ఎవరికీ ఇవ్వొద్దని మాత్రం ఒకటికి రెండుసార్లు చెప్పాను. తల ఊపింది.

తల ఊపడం అంటే సరే అనడం కాదని ఇన్నేళ్ళ కాపురంలో తెలుసుకోవద్దూ! మర్నాడు శుక్రవారం. నేను పొట్లం ల్యాబులో ఇచ్చి వచ్చేసరికి వంటింటి గట్టు మీద పంచడానికని పెట్టిన చిన్న డబ్బాలు రెండూ లేవు.

"ఇచ్చేసినా. శుక్కురారం వదిలితే పాపకి పెట్టే లోపల మళ్ళా మంచి దినం లేదు" అంది, నా మొహం చూడకుండా.

ఒళ్ళు మండిపోయింది. చెప్పులేసుకుని తిన్నగా ఎదురింటికి పోయాను. ఆ ఇంటి పెద్దావిడ మా అత్తకి స్నేహితురాలు. ఆమె మనవడికి ఏడో నెల. కొంచెం ఆగండి, పిండిని పరీక్షకి ఇచ్చాను అని తమిళంలో చెప్పాను. ఆవిడ పకపకా నవ్వి, "మీ అత్త చేతి మావుకే పరీక్షా! బాగుందమ్మా కోడలా!" అంది. నేను రెండో డబ్బా చేరిన మూలింటికి పోయేలోపలే మా అత్త వీధిలోకి వచ్చేసి, నా చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చింది. అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో!

"వీధిలో నా తల తీసేసినావు కదే! నా చేత్తో ఇచ్చిందాన్ని వద్దని ఇంటింటికీ పోయి చెప్తావా? ఏమి తెలిసిందని చెప్తావు? నీ మిషన్ చెప్పినాదా? ఇంకా చెప్పలేదు కదా?" కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. "ఆ మిషన్ చెప్పనీ. చెడిందంటే నేనే పోయి తెచ్చుకుంటా. అందాకా నోరు తెరవనని ఒట్టెయ్. పాప మీద ఒట్టు."

నా కుడి చెయ్యి లాగి తన తల మీద పెట్టుకుంది, పాప పేరు చెప్పి. ఏం చెయ్యను? అది ఒట్టే కాదని చెయ్యి విదిల్చుకోవడం నాకు చేతకాలేదు. ఆ మాటకొస్తే ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. నా దగ్గర రుజువు ఏముంది? ఎప్పుడో పోయిన ఒక వాసన.

ల్యాబులో మాకు ఇదివరకు ఖాళీ నెలలుండేవి. పంట చేతికొచ్చే రోజుల్లో రద్దీ, ఆ తర్వాత కబుర్లు. ఇప్పుడు ఖాళీ అన్నమాటే లేదు. కాయ ఊరే సమయంలో వాన ముఖం చాటేస్తోంది, చేలో చెట్టు వాడిపోయి కాయ నేలలోనే పగులుతోంది. పీకి కుప్ప వేశాక కుండపోతగా పడుతోంది. వేరుశనగ, మిరపకాయలు, జొన్నలు, పశువుల దాణా, ఏ సంచి విప్పినా అనుమానంగానే విప్పుతాం. పెద్ద వ్యాపారులు పంపిన సరుకు తిరిగొస్తే వాళ్ళకి నష్టం, అందుకని వాళ్ళు పరీక్ష చేయించుకుంటారు. మిద్దెల మీద ఎండబోసుకునే వాళ్ళకి ఎవరు చేస్తారు? ఈ మాట ఇంతకుముందు చాలాసార్లు అనుకున్నాను. అనుకుని కాఫీ తాగి పని చూసుకున్నాను. ఈసారి కాఫీ కూడా దిగలేదు.

మా పెద్దసారు మంచివాడు కాబట్టి మా ఇంటి పొట్లాన్ని వరసలో చేర్చుకోనిచ్చాడు. వరస మాత్రం పెద్దది. మధ్యలో ఆదివారం. రోజూ సాయంత్రం వీధిలోకి రాగానే మూలింటి మేడ మీద ఆరేసిన పసిబిడ్డ బట్టలు కనిపించేవి. తల దించుకుని ఇంట్లోకి వచ్చేసేదాన్ని. మా అత్తా నేనూ ఉప్పూ పప్పూ మాటలు తప్ప మాట్లాడుకోలేదు.

బుధవారం మధ్యాహ్నం ఫలితం వచ్చింది. పెద్దవాళ్ళు తినే సరుకైతే గీత దాటీ దాటనట్టుంది. పసిపిల్లల తిండికి పెట్టిన హద్దు వేరు, అది చాలా చిన్నది. దాన్ని మా పిండి ఎక్కడో వెనక వదిలేసింది. నేను పొరపాటు చేశానేమోనని నా పక్క కుర్చీ అమ్మాయి చేత మళ్ళీ చేయించాను. అదే వచ్చింది.  నేనే గెలిచాను కదా, ఒక్క పిసరు కూడా సంతోషం కలగలేదు.

ఇంటికి పోయి చెప్పాను. మా అత్త కూరగాయలు తరుగుతోంది. కత్తిపీట వారకు పెట్టింది.

"ఏది చెడిందే? రాగులా, శనక్కాయలా?"

"తెలియదత్తా. అన్నీ కలిసిపోయాయి కదా."

"మన మిద్దె మీద తడిసి చెడినాదా, అంగట్లోంచే చెడి వచ్చినాదా?"

"అదీ తెలియదు. చేల్లోనే పట్టి ఉండొచ్చు, మన తడికి ఇంకా పెరిగి ఉండొచ్చు."

"అంటే నా చేతిలో చెడిందనీ చెప్పలేవు, చెడలేదనీ చెప్పలేవు" అంది. ఏ వైపు తీర్పు వచ్చినా ఆమె తట్టుకునేదే. ఏ తీర్పూ లేకపోవడం ఆమెకి కష్టంగా ఉందని ఆ గొంతులోనే తెలిసింది. జాలేసింది నాకు. ఇన్నాళ్ళ కోపమంతా ఏమైపోయిందో.

అంతలో మా అమ్మాయి ఫోను. వచ్చే శుక్రవారం పాపకి మావు తెస్తున్నారా అని అడగడానికి చేసింది. విషయం చెప్పాను. ఫోను స్పీకరులో ఉన్నట్టు దానికి తెలియదు.

"అయ్యయ్యో! అమ్మా, నల్లవేళై, మంచిపనయింది! మన పాపకి ఇంకా పెట్టలేదు కదా, అంతే చాలు, బతికిపోయాం" అంది.

మా అత్త ఫోను వైపు తిరిగింది. "అట్టా అనబాకే" అంది. గట్టిగా కాదు. "అట్టా అనబాకు. వాళ్ళ బిడ్డలకి ముందు పెట్టినాం కాబట్టే మన బిడ్డకి తప్పిపోయినాది."

అవతల మా అమ్మాయి "సారీ అవ్వా" అని పెట్టేసింది.

పెద్ద డబ్బా తీసి ఆమె ముందు పెట్టాను. పిండి ఇంకా ఘుమఘుమలాడుతూనే ఉంది. "ఆవుకన్నా పెట్టేద్దాం. వెనక సందులో పాలవాడి ఆవులుండాయి కదా" అంది. వద్దన్నాను, అది ఆవు తింటే పాలల్లోకి వస్తుంది, ఆ పాలు మళ్ళీ ఈ వీధి పిల్లలే తాగుతారు. కాకులకి? వద్దు. చీమలకి? తల అడ్డంగా ఊపాను. అన్నం మెతుకు తొక్కితే కళ్ళకద్దుకునే మనిషి. రెండు ప్లాస్టిక్ సంచుల్లో పోసి, మూతి బిగించి, చెత్తబండిలో వెయ్యడానికి తనే తీసుకుపోయింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. ఆ సంచులు బండిలో పడ్డాక చాలాసేపు అట్లాగే నిలబడింది.

అక్కడినుంచే ఎదురింటికి పోయింది. నేను వెనకాలే పోయాను. స్నేహితురాలి ముందు కూర్చోలేదు. "నేను ఇచ్చిన మావు తిరిగి ఇచ్చెయ్. చెడిపోయినాది. నా కోడలు చెప్పినాది నిజమే" అని తమిళంలో చెప్పింది. ఆవిడ ఈసారి నవ్వలేదు. లోపలికి పోయి డబ్బా తెచ్చింది. మనవడికి జలుబు చేసిందని ఇంకా మొదలుపెట్టలేదట, మూత కూడా తియ్యలేదు. డబ్బా చేతికిచ్చి, మా అత్త భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు ఇచ్చింది నువ్వే వచ్చి వద్దంటే, ఇంక నేను ఎవరి చేతిది తినేది?" అని మాత్రం అంది.

వీధిలోకి రాగానే మా అత్తకి కొంచెం ఊపిరి వచ్చినట్టయింది. "చూసినావా, పెట్టలేదు. ఆ మూలింటి పిల్ల కూడా పెట్టి ఉండదు. ఈ కాలం పిల్లలు డాక్టరు చెప్పనిది పెడతారా?" అంటూ నాకంటే ముందు నడిచింది. నాకూ ఆ ఆశే. నోటితో అంటే ఎక్కడ పోతుందోనని ఊరుకున్నాను.

ఆ పిల్లది గుంటూరు వైపు. భర్త ఉద్యోగం కోసం వచ్చి ఇంకా ఏడాది కాలేదు. అత్తా అమ్మా ఇద్దరూ దూరం, తమిళం ఒక్క ముక్క రాదు. మా అత్తతో తెలుగులో మాట్లాడడానికి రోజూ ఏదో ఒక వంకతో మా గుమ్మం దాకా వచ్చేది. మూలింటి మేడ మెట్లు మా అత్త రెండుచోట్ల ఆగి ఎక్కింది. తలుపు తీసిన పిల్ల మొహం వెలిగిపోయింది. చంకలో పాప.

"రండి రండి మామ్మగారూ! నేనే మీ ఇంటికి వద్దామనుకుంటున్నా. ఆంటీ, మీరు కూడా కూర్చోండి." లోపలికి పరుగెత్తి డబ్బా తెచ్చింది. తళతళలాడేట్టు తోమి, ఖాళీది ఇవ్వకూడదని పంచదార పోసి ఉంది. "మీ డబ్బా అండీ. మా పాప ఏం పెట్టినా ఉమ్మేసేది, దీంతో ఎట్లా వేగాలిరా బాబూ అని ఏడుపొచ్చేది. మీ మావు మాత్రం గిన్నె నాకేసేదండీ! మూడు పూటలా అదే పెట్టా. ఇయ్యాల పొద్దునతో అయిపోయింది. ఇంకాస్త ఉంటే ఇస్తారేమోనని అడుగుదామంటే మొహమాటంగా ఉండి..."

మా అత్త డబ్బా అందుకుంది.  నేను చెబుతానని నోరు తెరిచాను, వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

"అమ్మాయీ, ఆ మావు మంచిది కాదంట. బూజు విషం ఉండాదంట దాంట్లో. నాకు తెలీదు. వాసన పోయినాది కదా అనుకున్నా. నా చేత్తోనే నీ బిడ్డకి ఇచ్చినా."

ఆ పిల్ల నవ్వు మొహం మీద అట్లాగే ఉండిపోయింది. నా వైపు చూసింది. అవునన్నట్టు తల ఊపాను, పరీక్ష సంగతి చెప్పాను. అంతా విని, పాపని రెండు చేతులతో గుండెకి హత్తుకుని, నన్ను వదిలేసి మా అత్తనే అడిగింది.

"మా పాపకి ఏమవుతుంది మామ్మగారూ?"

మా అత్త నా వైపు తిరిగింది. పెళ్ళయినప్పటినుంచి ఏ విషయంలోనూ నన్ను అడిగి చెప్పిన మనిషి కాదు. కొద్ది రోజులు, కొంచెం పిండి, ఏమీ కాదులే అని నేనంటే వాళ్ళిద్దరూ నమ్మేవాళ్ళు. అది చాలావరకు నిజం కూడా. ఆ 'చాలావరకు'ని మింగేసి చెబుదామని నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏమీ కాకపోవచ్చమ్మా. డాక్టరుకి ఒకసారి చూపిద్దాం, నేనూ వస్తాను. కానీ కాదని గట్టిగా చెప్పలేను. నాకు తెలియదు" అన్నాను.

 తల్లి చేతుల్లోని పాప మా అత్త చేతిలో డబ్బాని చూసి, కాళ్ళు తపతపా ఆడించి, నోరు తెరిచింది.